సరళ పెట్టిన ఫోకస్

ఈ రోజు మా కరీంనగర్ ఖగోళ క్లబ్బు పోటీకి ఆఖరి రోజు. గెలాక్సీలు, నెబ్యులాలు, నక్షత్రాల గుంపులను కంప్యూటర్ సాయం లేకుండా ఆకాశంలో వెతికి పట్టుకోవాలి. నేనూ నా భార్య సరళా జంటగా చేరాం. ఇంకొక్క గెలాక్సీ మిగిలి ఉండగా సరళ ఆసుపత్రిలో చేరింది. తిరిగి రాలేదు.

ఆ ఒక్కటీ నాతో పూర్తి చేయిద్దామని సాయంత్రం క్లబ్బు మిత్రుడు రమేశ్ వచ్చాడు. నేను చాయ్ తెచ్చేలోగా మా టెలిస్కోపును డాబా మీద నిలబెట్టి, దూరంగా ఉన్న సెల్ టవర్‌కు గురిపెట్టి చూశాడు.

"అన్నా, ఫోకస్ అంత ఖరాబున్నది. నేను మంచిగ చేసిన, జర సూడు. ఎవలు తిప్పిండ్రు దీన్ని?"

"మీ వదిన."

సరళ కళ్లజోడు తీసేసి చూసేది. అందుకే ఆమె పెట్టుకున్న ఫోకస్ ఇంకెవరికీ కుదరదు. చివరిసారి తను తిప్పి వదిలిన ఆ ఫోకస్ మరను నేను కదపలేదు. అప్పుడప్పుడూ కన్ను పెట్టి చూసేవాణ్ని. నాకు మసకగా కనిపించేదే ఆమెకు స్పష్టంగా కనిపించేదని తెలుసు. నాకది చాలు.

రమేశ్ కప్పు కింద పెట్టేశాడు. "ముందుగాల చెప్పద్దా అన్నా!"

"ఏమని చెప్పాలె తమ్మీ?"

ఆ మిగిలిన గెలాక్సీ మేం చూడలేదు. మీ ఇంట్లోనూ ఎవరూ ముట్టకూడనిది ఏదైనా ఉంటే, వచ్చినవాళ్లకు ఎలా చెబుతారో రాయండి. నాకు చేతకాలేదు.

ఇప్పుడది అందరి టెలిస్కోపుల్లాంటిదే. రేపు పొద్దున తీసుకెళ్లి క్లబ్బుకు ఇచ్చేసి వస్తాను.