పెద్దమ్మ కడిగిన పెట్రోలు ట్యాంకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతిని మా చుట్టాలు ఇన్నేళ్ళుగా తప్పు చెబుతున్నారు. పెళ్ళిళ్ళలో చెప్పారు, బారసాలల్లో చెప్పారు. మొన్న హయత్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లోనైతే ఏకంగా మైకు పట్టుకొని చెప్పారు. "మా అమ్మమ్మ కారు ట్యాంకులో చింతపండు పులుసు పోసింది. అంతే, కారు ఖతం!" అని మా పెద్దమ్మ మనవడు అనగానే హాలంతా పగలబడి నవ్వింది. ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వాడు విన్నదే చెప్పాడు. కోపమంతా ఆ కథను పుట్టించినవాళ్ళ మీద, నిజం తెలిసి నోరు మూసుకున్నవాళ్ళ మీద. నోరు మూసుకున్నవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక గల్లీలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. కింది వాటాలో మేము, పై వాటాలో మా పెద్దమ్మ, పెదనాన్న, వాళ్ళ కూతురు. రెండు కుటుంబాలూ తెనాలి వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవే. పెదనాన్నకు ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. గల్లీ మొత్తానికి కారంటే అదే. ఆయన దాన్ని తుడిచి మెరిపించేవాడు గానీ, పైకి కనిపించని చోట ఏముందో ఎన్నడూ చూడలేదు. ఎక్కడికైనా వెళ్ళాలంటే అక్కడికి సరిపడా పెట్రోలు మాత్రమే పోయించేవాడు. తిరిగొచ్చాక దాదాపు ఖాళీ ట్యాంకుతో కారు వానాకాలమంతా ఆరుబయట నిలబడేది. ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరి లోపలి రేకు తుప్పు పడుతుందని ఆయనకు తెలియదు. ఎవరైనా చెప్పినా వినే మనిషి కాదు.

కొన్నాళ్ళకు ట్యాంకు అడుగున చుక్క చుక్కగా కారడం మొదలైంది. పెదనాన్న బట్టల సబ్బు ముక్క మెత్తగా చేసి ఆ చిల్లికి అదిమాడు. అది ఊడిపోతే బెల్లం పెట్టాడు. బెల్లం పెట్రోలులో కరగదు కాబట్టి కారడం నిజంగానే ఆగింది. కానీ మర్నాటికి చీమలు కారు కింద బారులు తీరాయి. గల్లీ పిల్లలం వంగి వంగి చూసి నవ్వుకున్నాం. ఆ వేసవిలో ఒకరోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఇంజను ఆగిపోయింది. అక్కడి మెకానిక్ ట్యాంకు విప్పి బోర్లిస్తే పొరలు పొరలుగా తుప్పు రాలింది. చిల్లి ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

"సార్, గిది ట్యాంకా, జల్లెడా? లోపటి తుప్పంత కడిగి తెస్తే టంకం పెడ్త. గిట్లనే మంట చూపిస్తే మీరు, నేను, గీ చౌరస్తా, అందరం పైకే పోతం," అన్నాడు మెకానిక్.

కడిగే పని తనది కాదన్నాడు పెదనాన్న. కొత్త ట్యాంకు కోసం ఊరంతా అడుగుతూ రోజులు గడిపేశాడు. లాగించి తెచ్చిన కారు ఇంటి ముందు, విప్పిన ట్యాంకు పెరట్లో పడి ఉన్నాయి. అప్పుడు మా పెద్దమ్మ ఆ పనికి పూనుకుంది. ఆమెకు కార్ల గురించి ఏమీ తెలియదు. ఇత్తడి బిందెను, రాగి చెంబును చింతపండుతో తోమడం తెలుసు. చింతపండు పులుపు ఇనుము తుప్పునూ వదిలిస్తుందేమో చూద్దామనుకుంది. తుప్పు పట్టిన మేకును చింతపండు రసంలో వేసి ఒక పూట ఉంచి, తీసి నాకు చూపించింది. మేకు నల్లగా, శుభ్రంగా ఉంది. ముందు చిన్నదాని మీద చూడనిదే పెద్దదాని మీద చెయ్యి వెయ్యలేదని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ట్యాంకును పొయ్యి ఛాయలకు కూడా రానివ్వలేదు. మూత తీసి రోజుల తరబడి గాలికి పెట్టింది. సబ్బు నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగింది. పెట్రోలు వాసన పూర్తిగా పోయాక, చిల్లులకు లక్క అంటించి, ఉడికించి వడకట్టి చల్లార్చిన చింతపండు రసం పోసింది. ఇల్లు కడుతున్నచోట ఏరుకొచ్చిన సన్న కంకర అందులో వేసింది. మూత బిగించి, ట్యాంకును పాత బొంతలో చుట్టి పెరట్లో దొర్లించడం మొదలుపెట్టాం. ఒక పక్క పెద్దమ్మ, ఇంకో పక్క నేను. సాయానికి పక్కింటి అక్క వచ్చింది. వాళ్ళది పోచంపల్లి నుంచి వచ్చిన నేత కుటుంబం. వాళ్ళ నాన్న మా వీధి చివర చీరల దుకాణం పెట్టాడు. ట్యాంకు దొర్లుతుంటే లోపల కంకర గలగలమని మోత. వీధిలో పోయేవాళ్ళు గోడ మీంచి తొంగి చూసేవారు.

"ఏందత్తమ్మా, అల్లునికి పులిహోర కలుపుతున్నవా?" అని అక్క ఏడిపించేది.

"ముందు నీకో అల్లరి మొగుణ్ణి తెచ్చి ఇందులో వేసి దొర్లిస్తానుండు," అనేది పెద్దమ్మ.

మొదట వచ్చిన నీళ్ళు సిరాలా నల్లగా ఉన్నాయి. తర్వాత గోధుమ రంగు. ఆ తర్వాత తేటపడ్డాయి. ఇక చాలనుకొని పెద్దమ్మ చేతులు కడుక్కోబోతే అక్క ఆపింది. "జర ఆగుండ్రి అత్తమ్మా. నీళ్ళు కంటికి తేటగ కనవడ్తయి గని నమ్మొద్దు. మా ఇంట్ల రంగు నూలు కడిగినంక ఆఖరు నీళ్ళల్ల తెల్ల పోగు ముంచి చూస్తరు," అంది. ఇంట్లోంచి తెల్ల నూలు పోగు తెచ్చి ఆ నీళ్ళలో ముంచి తీసింది. పోగు పచ్చబారింది. మళ్ళీ కడిగాం. మళ్ళీ ముంచింది. పోగు తెల్లగా వచ్చేవరకు ఆ ఇద్దరూ ఊరుకోలేదు. చివరకు తెల్లగా వచ్చిన పోగును అక్క నా మణికట్టుకు కట్టింది. మర్నాడు ట్యాంకు చూసిన మెకానిక్, "ఏం వోసిండ్రమ్మా? లోపట వెండి గిన్నె లెక్క ఉన్నది," అన్నాడు. ఈ మాట మా చుట్టాల కథలో ఎక్కడా వినపడదు.

అతను ట్యాంకు నిండా నీళ్ళు నింపి టంకం పెట్టాడు. మిగిలిపోయిన ఆవిరి ఏమన్నా ఉంటే అంటుకోకుండా అలా చేస్తారట. పని అయ్యాక నీళ్ళు ఒంపేసి, ఎండలో బాగా ఆరనిచ్చాకే బిగించాలని, లోపల తడి ఉంటే కారు నడవదని గట్టిగా చెప్పాడు. పెద్దమ్మ ట్యాంకును డాబా మీద ఎండకు పెట్టింది. అయితే పెదనాన్నకు ఆగే తీరిక లేదు. మర్నాడు హయత్‌నగర్‌లో పెళ్ళికి తన ఆఫీసరును కారులో తీసుకెళ్తానని మాట ఇచ్చేశాడు. పొద్దున్నే ఒక కుర్ర మెకానిక్‌ను పిలిపించి డాబా మీంచి ట్యాంకు దింపించాడు.

పెద్దమ్మ అడ్డుపడింది. ట్యాంకును చేతులతో కదిపి, "వినండి, లోపల ఇంకా నీళ్ళు కదులుతున్నాయి. ఈ ఒక్కరోజు ఆటోలో వెళ్ళండి," అంది. నేను పక్కనే ఉన్నాను. ఆ చప్పుడు నాకూ వినిపించింది. పెదనాన్న మాత్రం, "వంటింటి తెలివి వంటింట్లో చూపించు," అని దాన్ని అలాగే కారుకు బిగింపించాడు.

గేట్లు తియ్యడానికి, దిగి తోయడానికి ఒకడుంటాడని నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆఫీసరు పట్టుపంచె కట్టుకొని ముందు కూర్చున్నాడు. హయత్‌నగర్ ఇంకా రాకముందే కారు రెండు సార్లు దగ్గినట్టు ఊగి ఆగిపోయింది. ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆఫీసరు ముఖం మాడిపోయింది. పెదనాన్న చెమటలు తుడుచుకుంటూ ఏం చెప్పాలో తెలియక, "ఏం చెప్పమంటారండీ, మా ఆవిడ ట్యాంకులో చింతపండు పులుసు పోసింది," అన్నాడు. ఆఫీసరు ఒక్క క్షణం అర్థంకాక చూసి, పొట్ట పట్టుకొని నవ్వాడు. పెదనాన్నకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆయన కూడా నవ్వాడు. ఆ కథ పుట్టింది అక్కడ, ఆ నవ్వులో. ఒక మనిషి తన తొందరపాటును కప్పిపుచ్చుకోవడానికి అన్న మాట అది. అంతకుమించి దానికి వేరే ఆధారమేమీ లేదు.

కారును తాడు కట్టి లాక్కొచ్చారు. గొడవ సద్దుమణిగాక పెద్దమ్మ నన్ను పిలిచింది. అతిథులకు మాత్రమే తీసే గాజు గ్లాసు తెచ్చి, ట్యాంకు అడుగున ఉన్న మర కొద్దిగా విప్పి గ్లాసు నింపింది. దాన్ని వరండా గోడ మీద పెట్టి, కదపకుండా చూడమంది. కాసేపటికి గ్లాసులో గీత గీసినట్టు రెండు భాగాలు తేలాయి. పైన లేత నారింజ రంగు పెట్రోలు. కింద తేట నీళ్ళు.

"చింతపండు ఎక్కడుందో చూపించు నాన్నా," అంది.

"లేదు పెద్దమ్మా. నీళ్ళే."

"బాగా చూసి చెప్పు. నేనన్నానని అనకు."

నేను మళ్ళీ చూశాను. నీళ్ళే. నా మణికట్టుకు ఉన్న పోగు ఇంకా తెల్లగానే ఉంది. ఏదైనా పాడైతే మనుషుల మాటలు వినే ముందు దాన్నే నిలబెట్టి చూడాలని, అది తేరుకునేదాకా ఓపిక పట్టాలని ఆ రోజు నేర్చుకున్నాను. పెద్దమ్మ ఆ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని మేడ మీదకు తీసుకెళ్ళింది. అప్పటికే పెదనాన్న చుట్టూ నలుగురు చేరారు. పులుసు కథ రెండోసారో మూడోసారో నడుస్తోంది. ఆమె గ్లాసు ముందుకు చాపింది. ఆయన దాని వైపు చూడనైనా లేదు. "ఆ గ్లాసు ఇక మంచినీళ్ళకు పనికిరాదు, పారేయ్," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె వెనక నిలబడ్డ నేను, చూసింది చెప్పకుండా వాళ్ళతోపాటు నవ్వాను.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. పెద్దమ్మ ట్యాంకు విప్పించి, ఈసారి పూర్తిగా ఎండబెట్టించి, మళ్ళీ బిగింపించింది. కారు చక్కగా నడిచింది. ఏళ్ళ తరబడి నడిచింది. అమ్మేసినప్పుడు కొన్నాయన దాన్ని నాదర్‌గుల్‌కు తనే నడుపుకుంటూ వెళ్ళాడు. పెద్దమ్మ చింతపండుతో కారును చంపేసిన కథను పెదనాన్న ఆ కారు నడుపుతూనే చెప్పేవాడు, చుట్టాలు ఆ కారులో కూర్చొనే వినేవారు. ఒక్కరికైనా అనుమానం రాలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో పెద్దమ్మ ఏ సలహా చెప్పబోయినా, "ఇందులోనూ చింతపండు పోస్తావా?" అనేవారు. కూతురు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతానంటే పెద్దమ్మ ఒక్కతే సరేనంది. ఆ మాటతోనే ఆమె నోరు మూయించారు. ఆ పిల్ల వేరే చదువు చదివింది. ఇది నవ్వులాటా?

మొన్న ఫంక్షన్ అయ్యాక పెద్దమ్మను నేనే ఇంటికి దింపాను. ఎల్‌బీ నగర్ దాటి మెట్రో స్తంభాల పక్కన ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అడిగాను: "పెద్దమ్మా, ఆ రోజు గ్లాసులో నీళ్ళే కదా?"

ఆమె గబుక్కున నా వైపు తిరిగింది. "నీకు గుర్తుందా?" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా అంది: "అందరూ అంటుంటే, ఒక్కోసారి నేనే సరిగ్గా కడగలేదేమో, పులుసు మిగిలిపోయిందేమో అనిపించేది నాన్నా."

పెదనాన్న ఆమె మాటను నమ్మలేదు, సరే. తన కళ్ళతో చూసినదాన్ని తానే నమ్మలేని స్థితికి ఆమెను తెచ్చింది మాత్రం మా అందరి నవ్వు. అందులో నా నవ్వూ ఉంది.

ఆ గ్లాసు నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. ఎవరైనా ఒకరి మీద నేరం మోపి నవ్వుతుంటే, మధ్యలో ఆ గీత కనిపిస్తుంది. పైన పెట్రోలు, కింద నీళ్ళు. అందులో చింతపండు లేదు పెద్దమ్మా. నువ్వు శుభ్రంగానే కడిగావు. నేను చూశాను.