నేను ఫెయిల్ చేసిన డాక్టరు

ఆ రోజుల్లో నాకు తెలిసిన మర్యాద ఒక్కటే: ఎవరేమిచ్చినా, ఎవరేం చెప్పినా ముందు వందనాలు చెప్పాలి. మందు చేదుగా ఉన్నా వందనాలే, బస్సు నా స్టేజీ దాటించి దింపినా వందనాలే. ఇది మా తాత నేర్పిన విద్య. బెల్లంపల్లిలో చిన్నప్పుడు ఉబ్బసం నన్ను బడికి పోనివ్వలేదు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన తాతే నన్ను మంచం మీద కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దించాడు. ఆయన పాఠం ప్రార్థనతో మొదలై కృతజ్ఞతతో ముగిసేది. (మధ్యలో లెక్కలు వచ్చేవి. వాటికి మాత్రం కృతజ్ఞత చెప్పడం కష్టంగా ఉండేది.) అట్లా ఇంట్లోనే చదివి, పదో తరగతి ప్రైవేటుగా రాసి, కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో, మెదడు ఐసీయూ తలుపు దగ్గర, చూడవచ్చేవాళ్ళకు పాసులు రాసే కొలువులో చేరాను. దాన్ని మా అవ్వ (మేం అమ్మను అట్లాగే పిలుస్తాం) ప్రభువు చేసిన అద్భుతాల్లో ఒకటిగా లెక్కపెట్టింది.

మా ఐసీయూలో పెద్ద చదువులు అయిపోయిన డాక్టర్లే మళ్ళీ విద్యార్థులయ్యేవారు. స్పృహలేని మనిషి కళ్ళలో టార్చి వేసి చూడడం, పుర్రెలో ఒత్తిడి కొలవడం, గంటకోసారి పేరు పెట్టి పిలిచి చూడడం, ఇవన్నీ ప్రత్యేకంగా నేర్చుకునే ఆ చదువును ఫెలోషిప్ అంటారు. అన్నీ వచ్చాక చివర్లో ఒక పరీక్ష. ఇంటివాళ్ళకు చెడ్డ కబురు ఎట్లా చెప్పాలో చెప్పి చూపించాలి. అందుకు ఉత్తుత్తి ఇంటివాళ్ళు కావాలి గదా. ఆ డాక్టర్లకు నేర్పే పెద్ద మేడం ఒకరోజు నా బల్ల దగ్గర ఆగి, "రేపు పరీక్షల నువ్వే పేషెంటు తరఫు మనిషివి" అన్నారు. వందనాలు చెప్పాను.

ఇంటికి వెళ్ళాక గాని చిక్కు తెలియలేదు. పెళ్ళి కాని పిల్లను, లోపలున్నది "మా ఆయన" అని ఎట్లా అనను? పోనీ నాన్నను తలచుకొని "మా బాపు" అందామంటే అవ్వ కస్సుమంది. "బతికున్న మనిషి మీద గసొంటి మాట ఎట్లంటవే? పో, నోరు కడుక్కో!" అన్నం తింటున్న బాపు "నాకేమైతది, గట్టిగనే ఉన్న" అన్నాడు గాని, ఆ పూట మారు వడ్డించుకోలేదు. చివరికి "మా మామయ్య" అని తీర్మానించాం. అవ్వకు తమ్ముళ్ళూ అన్నలూ లేరు గనుక ఎవరికీ కీడు లేదు.

పరీక్ష గదిలో మంచం మీద రోగి బదులు ఒక ప్లాస్టిక్ బొమ్మ. మిషను ఊపిరి ఊదుతుంటే దాని ఛాతీ లేచి పడుతోంది. ఏసీ చల్లగా ఉందని నేను దాని కాళ్ళ మీదికి దుప్పటి లాగాను. అంతలో ఆ ఫెలోషిప్ డాక్టర్లలో ఒకాయన, కాగజ్‌నగర్ మనిషి, పరీక్షకు వచ్చాడు. ఎక్కడా ఆగకుండా మాట్లాడతాడని నర్సులు ఆయనకు 'ఎక్స్‌ప్రెస్' అని పేరు పెట్టుకున్నారు. అప్పటికే ఒకసారి ఈ పరీక్ష తప్పాడు. "బ్లీడ్ పెద్దది, జీసీఎస్ మూడు, ప్యూపిల్స్ రియాక్ట్ అయితలేవు, ప్రోగ్నోసిస్ పూర్, ఏమన్న డౌట్లున్నయా?" అని ఒక్క ఊపిరిలో ముగించాడు. నుదుటి నిండా చెమట. పాపం అనిపించింది.

"ఏం లేవు సార్. మస్తు మంచిగ చెప్పిండ్రు. వందనాలు."

ఆయన ముఖం వెలిగిపోయింది. పక్కన కూర్చొని మార్కులు వేస్తున్న మేడం నా వైపు తిరిగారు. "డాక్టర్ ఏం చెప్పిండమ్మా?"

"మంచిగ చెప్పిండు మేడం."

"అదే, ఏం చెప్పిండు?"

"అది తెల్వది మేడం. కాని మంచిగనే చెప్పిండు."

"మరి మీ మామయ్యకు ఎట్లుందట?"

నేను బొమ్మ వైపు చూశాను. ఛాతీ చక్కగా లేచి పడుతోంది. "నయమైతదట" అన్నాను.

ఎక్స్‌ప్రెస్ రెండోసారీ ఫెయిలయ్యాడు. సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "తప్పు నీది కాదు చెల్లె. కాని ఇంకొక్కటే చాన్సుంది. అది గూడ పోతే ఏడాదంత మళ్ళ మొదట్నుంచి. పాసైతున్న అని మా అవ్వకు చెప్పుకున్న. జర నా మీద కోపం చెయ్యి. వందనాలు మాత్రం చెప్పకు, నీకు దండం పెడత."

ఇంట్లో అవ్వ నాకు కోపం నేర్పడానికి కూర్చుంది. "'ఏం డాక్టరువయ్య నువ్వు!' అను."

"ఏం డాక్టరయ్య మీరు... అన్నం తిన్నరా?"

"నీతోని కాదు బిడ్డ" అని అవ్వ చేతులెత్తేసి ప్రార్థనకు లేచింది. రోజూ చేసినట్టే ఆ పూట కూడా తాత కోసం కృతజ్ఞతలు చెప్పింది. అప్పుడే ఏదో చురుక్కుమంది. అంతకు నాలుగేళ్ళ ముందు, తాత తలలో నరం చిట్లి పడిపోయినప్పుడు, వేరే ఊరి ఆసుపత్రిలో ఒక డాక్టరు తలుపు సందులోంచి నాతో ఏదో చెప్పాడు. నేను వందనాలు చెప్పాను. బయటికి వచ్చి అవ్వతో "మంచిగనే చెప్పిండు" అన్నాను. తాత లేస్తే తాగుతాడని అవ్వ జావ కాచి తేవడానికి ఇంటికి పోయింది. ఆమె టిఫిను డబ్బాతో తిరిగి వచ్చేసరికి ఆయన లేడు.

మూడో పరీక్షనాడు, "లోపలున్నది మా తాత" అన్నాను. (అబద్ధం కాదు, కీడూ లేదు.) ఎక్స్‌ప్రెస్ బయల్దేరింది. "నాకు తెలుస్తలేదు సార్" అన్నాను. మళ్ళీ చెప్పాడు, మొదటికంటే వేగంగా. "తెలుస్తలేదు సార్. తాతకు జావ తెస్త అని మా అవ్వ ఇంటికి పోతనంటుంది. పొమ్మననా, ఉండమననా?"

నేనేం అడగాలో మేడం రాసిచ్చిన కాగితంలో ఈ మాట లేదు. ఆయన ఆగాడు. స్టూలు లాక్కొని నా ఎదురుగా కూర్చున్నాడు. "తాత ఏం పని చేసేటోడు చెల్లె?"

"బొగ్గుబాయిల. నాకు చదువు నేర్పింది గూడ ఆయనే."

ఆయన స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన మాటలు అచ్చం ఇంటి మాటలు. "చెల్లె, తాత ఇగ లేవడు. మెదడుల మస్తు రక్తం కారింది. ఊపిరి మిషను ఇస్తుంది గని, తాత వాపస్ రాడు. అవ్వను పోనియ్యకు. ఇద్దరు చెరో చెయ్యి పట్టుకొని కూసోండ్రి. నొప్పి లేకుంట మేం చూసుకుంటం."

నాలుగేళ్ళు ఆలస్యంగా నాకు కబురు అందింది. బొమ్మ చేయి పట్టుకొని నేను ఏడ్చిన ఏడుపు నటన కాదని మేడంకు తెలిసే ఉంటుంది. అయినా పద్ధతి ప్రకారం అడిగారు. "డాక్టర్ ఏం చెప్పిండమ్మా?"

"మా తాత లేవడని చెప్పిండు మేడం. అవ్వను పోనియ్యకు అన్నడు."

మేడం కళ్ళద్దాలు తుడుచుకొని, పాసైనట్టు మార్కుల కాగితం మీద సంతకం చేశారు. అంతసేపు పంటి బిగువున పట్టి ఉంచిన మాట అప్పుడు జారిపోయింది. "వందనాలు సార్!" ఎక్స్‌ప్రెస్ తల పట్టుకున్నాడు. "ఇగ చెప్పొచ్చు తియ్యి" అని మేడం నవ్వారు.

ఆయనిప్పుడు పెద్ద డాక్టరు. ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, కూర్చొని, ఇంటివాళ్ళను అడిగి మరీ చెబుతాడు. నర్సులు పేరు మార్చి 'ప్యాసింజర్' అంటున్నారు. నేను మాత్రం ఆ బల్ల దగ్గరే ఉన్నాను, అందుకూ స్తోత్రమే. లోపలి నుంచి వచ్చినవాళ్ళు "డాక్టర్ మంచిగ చెప్పిండమ్మా" అంటే, "ఏం చెప్పిండు?" అని అడుగుతాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే ఇంకో పాసు రాసి మళ్ళీ లోపలికి పంపుతాను. (రోజుకు ఒక్కటే ఇవ్వాలని రూలు. ఆ సంగతి ప్రార్థనలో చూసుకుంటాను.) బొమ్మ కాళ్ళకు దుప్పటి కప్పి, ఏమీ అర్థం కాకుండానే అందరికీ వందనాలు చెప్పిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పిల్లకూ ఒక పాసు రాసి, తాత దగ్గరికి మళ్ళీ పంపాలనిపిస్తుంది.