మోకాళ్ల నొప్పి

నాకు మోకాళ్ల నొప్పి లేదు. అయినా నెల రోజులు ఆ మాత్రలు మింగాను. అది నేను చేజేతులా తెచ్చుకున్నదే.

నాకున్న బాధ వేరు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా చీర తడిసిపోయేది. ఆ భయంతో బస్సెక్కడమే మానేశాను. మిర్యాలగూడలో చెల్లెలి మనవరాలి ఫంక్షన్‌కు కూడా పోలేదు. చెల్లె అలిగి కూర్చుంది.

సూర్యాపేట ఇల్లు కిరాయికిచ్చి కోదాడలో బిడ్డ దగ్గరుంటున్నాను. బిడ్డ పొద్దున్నే స్కూలు డ్యూటీకి పోతుంది. అల్లుడి దుకాణం ఇంటి ముందే. నీరసంగా ఉందని నోరు జారితే, "దవాఖానకెందుకు అత్తయ్యా, డాక్టర్లు ఫోన్‌లోనే చూస్తారు" అన్నాడు. ఇప్పటికీ అతను ఎదురొస్తే కొంగు సర్దుకుని పక్కకు జరిగే మనిషిని నేను. బిడ్డకు చెబుదామా అంటే, దాని నోట్లో నువ్వుగింజ నానదు.

అతను ఫోన్ నా మొహం ముందు పట్టుకుని నిలబడ్డాడు. అందులో నా మనవరాలంత డాక్టరమ్మ. "మూత్రం ఆపుకోగలుగుతున్నారా అమ్మా?" అనడిగింది. నా తల తీసేసినట్టయింది.

"ఓ, అదేం లేదు. మోకాళ్లే గుంజుతున్నయ్ బిడ్డా" అన్నాను.

గంటలో మాత్రలు తెచ్చిపెట్టాడు. పక్కన నిలబడ్డందుకు అతని మీదే కోపమొచ్చింది. ఏం న్యాయమో నాది! రాత్రి తడిసిన నా బొంత రోజూ ఉతికి గోడ మీద ఆరేసేదాన్ని. ఎవరైనా అడిగితే మోకాళ్లకు రాసిన నూనె అంటిందనేదాన్ని.

నెల తర్వాత మళ్లీ డాక్టరమ్మ. ఈసారి అల్లుడు ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టాడు. "మీరే మాట్లాడండి అత్తయ్యా. బండిలో ఏదో చప్పుడొస్తోంది, మెకానిక్‌కు చూపించుకొస్తా" అని తలుపు దగ్గరికేసి పోయాడు. బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది.

ఇంకెవరూ లేరు కదా అని నోరు తెరిచాను. "వినబడట్లేదమ్మా, గట్టిగా చెప్పండి" అంది. అరిచి చెప్పాను. చీర సంగతి, బస్సు సంగతి, బొంత సంగతి, అన్నీ. ఏడుపు కూడా వచ్చింది. చాలామందికి ఉండేదే, తగ్గిపోతుందని చెప్పి మందులు రాసింది.

ఫోన్ తీసుకుని తలుపు తెరిచాను. బండి వాకిట్లోనే ఉంది, స్టాండ్ వేసి. అల్లుడు దాని మీద కూర్చుని, రోడ్డు వైపు మొహం తిప్పుకుని, యాక్సిలరేటర్ తిప్పుతూనే ఉన్నాడు. పక్కనే గోడ మీద నా బొంత.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తెలిసిపోయిందని కొంత. నెల రోజులుగా ఇతన్ని లోపల తిట్టుకున్నందుకు అంతకంటే ఎక్కువ.

నన్ను చూసి బండి ఆపాడు. నా చేతిలో ఫోన్ మోగింది, మందుల చీటీ వచ్చినట్టుంది. అందించాను. చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు.

"మోకాళ్లకు ఏమన్నారు అత్తయ్యా?"

"తగ్గుతదన్నది, బిడ్డా" అన్నాను.