ఫ్రెంచి దొరసాని చేతులు

మా డ్రాయింగు మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. ఏడుపు ఆపుకుని, "భయ్యా, పెద్దకర్మకి ఫొటో కావాలి. మీరు తీసిందే. ముఖం ఒక్కటే బడా కర్‌కే దీజియే, పెద్దగా చేసివ్వండి. నాన్న నవ్వు బాగుంది అందులో," అంది. గోల్‌మురి పేటలో, ఈ హిందీ ఊళ్ళో నాది ఫొటో స్టూడియో. ఇలాంటివి ఎన్నో చేశాను. ఈసారి మాత్రం కంప్యూటరు ముందు కూర్చోడానికి భయమేసింది.

చిన్నప్పుడు మా తెలుగు బడిలో ఆయన ఒక పాత రంగుల బొమ్మ గోడకి తగిలించారు. రెండొందల యాభై ఏళ్ళ కిందటి ఫ్రెంచి దొరసాని. నీలం పట్టు గౌను, పౌడరు చల్లిన జుట్టు, సన్నటి నవ్వు. "ఎలాగుందిరా ఈవిడ?" అంటే, "హాయిగా ఉందండీ!" అని అందరం అరిచాం. మాస్టారు ఆ ముఖానికి పేపరు అడ్డం పెట్టారు. "ఇప్పుడు సెప్పండి, ఏటి కనబడతంది?" మూసిన విసనకర్రను ఆవిడ విరిచేసేంత గట్టిగా పట్టుకుంది.

"నవ్వమంటే నోరు నవ్వేత్తాది. చేతులు మాట వినవురా," అన్నారు.

"దేనికండీ అంత భయం?"

"భయమో, చలో, నాకూ తెలీదు. బొమ్మ సెప్పదు. మనిషైతే అడగాల."

తెలీదని ఒప్పుకున్న మాస్టారు నాకు ఆయనొక్కరే. ఇవాళ కెమెరా పట్టుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే.

పోయిన నెల ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియోకి ఒక్కరే వచ్చారు. "పెద్దది తియ్యరా, పనికొత్తాది." మనవైపు పెద్దవాళ్ళు ఇలా ముందే తీయించి దాచుకోవడం మామూలే. "అప్పుడే తొందరేంటి మాస్టారూ, నవ్వండి," అని వేళాకోళమాడాను. నవ్వారు. తీశాక కూడా లేవలేదు. "కాసేపు కూకుంటే అడ్డమేటి?" పాస్‌పోర్టు ఫొటోలకి నలుగురు నిలబడి ఉన్నారు. "రేపు తీరిగ్గా రండి," అన్నాను, పెద్ద పనిమంతుడిలా.

ఆ ఫొటో ఇప్పుడు మొత్తం చూశాను. ఒళ్ళో కుడిచెయ్యి ఎడమ మణికట్టును పిసికేస్తోంది. ఎక్కువ రోజులు లేవన్న డాక్టరు మాట అప్పటికే ఆయనకి తెలుసట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. నాతో చెప్పుకుందామని వచ్చారేమో. ఇంత నేర్పిన మనిషిని ఒక్క మాట అడగలేకపోయాను.

నిన్న మధ్యాహ్నం మా అమ్మ మంచి చీర కట్టుకుని ఆటో దిగింది. స్టూలు మీద కూర్చుని, "నాకూ ఒకటి పెద్దది తియ్యరా," అంది.

లైట్లు ఆర్పి, షట్టరు సగానికి దించి, ఎదురుగా కూర్చున్నాను. "ఏటయిందమ్మా?"

అమ్మ నవ్వింది. చేతులు మాత్రం ఒళ్ళో కొంగు చివరను మెలిపెడుతున్నాయి.

"ఏటయిందో సెప్పు."

కొంగుతో మొహం తుడుచుకుని, షట్టరు కింద కనబడే రోడ్డు వైపు మొహం తిప్పుకుంది. ఈసారి రేపు రమ్మని అనలేదు, నేను లేవలేదు.