రెండు సీసం గుండ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దారం చుట్టే రీలు లేని గాలం కర్ర ఒకటి ఉండేది. కళింగపట్నంలో వలా తాడూ లేని ఇల్లు ఉండదు గాని, ఇది వేరే రకం. మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేసి వెళ్లిన ఒక డాక్టరుగారు, సెలవు దొరికితే వంశధార సముద్రంలో కలిసే చోట నిలబడి దీంతో చేపలు పట్టేవారట. ఎరకి బదులు ఈకలతో చేసిన పురుగుబొమ్మని కట్టి, లైను అనే లావుపాటి దారాన్ని కొరడాలా గాలిలో ఆడించి విసరడం దాని పద్ధతి. వెళ్లిపోతూ ఆయన కర్రనీ లైనునీ మా తాతయ్య చేతిలో పెట్టారు. రీలు అప్పటికే ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. నదుల కోసం చేసిన రీలుని సముద్రానికి తెచ్చాడు పాపం, అని తాతయ్య నవ్వుతూ అనేవాడు.

తాతయ్యది వలలు అల్లే పని. వల అంచుకి కట్టే సీసం గుండ్లని అరచేతిలో ఎగరేసి చూసి, ఏ వలకి ఎంత బరువు పడుతుందో చెప్పేసేవాడు. ఆయన తూకం తప్పిందన్న మాట మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటే "అంతా దేవుడి దయ" అనేవాడు గాని, మీసం కింద నవ్వు దాగేది కాదు.

నాకు పదకొండేళ్లప్పుడు నాన్నకి దెబ్బ తగిలింది. పడవని ఒడ్డుకి లాగుతుంటే తాడు చుట్టుకుని కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గాని బలం రాలేదు. వల లాగడం మాట దేవుడెరుగు, నీళ్ల బిందె కూడా ఎత్తలేకపోయేవాడు. ఏడాదిపాటు ఒడ్డు మొహం చూడలేదు. తోటివాళ్లు పలకరించడానికి వస్తే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. పొద్దంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే నాన్నని చూస్తే నాకు భయమేసేది.

వల లాగలేని చేతికి ఇదైనా పనికొస్తుందని ఒకరోజు తాతయ్య ఆ కర్రని చూరులోంచి దింపి, తుడిచి, దాని పిడిని నా చూపుడువేలి మీద ఆనించాడు. కొన దబ్బున కిందికి వాలిపోయింది. అప్పుడాయన రీలు బిగించే చోట లైను చుట్టని కట్టాడు. దాని పక్కనే ఒక గుడ్డ వేలాడదీసి, అందులో సీసం గుండ్లు ఒక్కొక్కటే వేస్తూ పోయాడు. చివరికి కర్ర ఎటూ వాలకుండా నా వేలి మీద నిలిచింది.

"కావిడి సూడ్లేదేటి నువ్వు? రెండేపులా సమానంగుంటే బుజం నొప్పెట్టదు. ఇదీ అంతే. కొన బరువైపోతే ఆ బరువంతా మీ నాన్న మణికట్టు మీదే పడతాది" అన్నాడు. గుండ్లున్న గుడ్డని విప్పి మూట కట్టి నా చేతికిచ్చాడు. "ఈ మూటెంతుందో రీలు అంతుండాల. అది దొరికితే ఆడు మళ్లీ ఒడ్డుకొస్తాడు, సూడు."

స్మార్ట్ ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. శ్రీకాకుళంలో తాళ్లూ గాలాలూ అమ్మే కొట్టాయన తన ఫోనులో బొమ్మలు చూపించి, చెన్నై నుంచి రెండు రీళ్లు తెప్పించాడు. కర్ర మీద, దానికి ఎంత బరువు లైను సరిపోతుందో చెప్పే ఎనిమిది అంకె ఉంది, లైనూ ఎనిమిదే, ఈ రెండు రీళ్లూ ఆ లైనుకి సరిపోయేవే. రెండిటికీ బ్రేకు లోపలికి ఉప్పునీరు దిగకుండా మూత ఉంది. సముద్రపు చేప పరిగెడితే లైను చాలదు కాబట్టి, దాని వెనకాల చుట్టే పొడుగాటి సన్నదారానికి కూడా చోటుంది. తాతయ్య రెండిటికీ దారం తగిలించి, దాని కొస నా చేతికిచ్చి, "సేపలాగ పరిగెట్టవే!" అన్నాడు. నేను వీధి చివరిదాకా పరిగెత్తాను. రీలు ఎక్కడా పట్టేయకుండా, జారిపోకుండా దారం వదిలింది.

ఒకటి నల్లది, మొద్దుగా ఉంది. రెండోది నీలం రంగుది, పొద్దున్న పూట సముద్రం ఎలా మెరుస్తుందో అలా మెరిసింది. నా మనసు దాని మీదే పడింది. నాన్న చేతిలో అది మెరుస్తుంటే ఊరంతా చూడాలనిపించింది. కానీ ఎత్తి చూస్తే అది నల్లదానికన్నా తేలిక, మూటకన్నా కూడా.

తాతయ్య దారం ఎంచుకోవడానికి కొట్టు లోపలికి వెళ్లాడు. నేను మూట ముడి విప్పి, రెండు గుండ్లు తీసి గౌను జేబులో వేసుకుని, మళ్లీ ముడేశాను. ఎంతసేపు పట్టింది గనక?

తాతయ్య వచ్చి ఒక చేతిలో మూట, ఒక చేతిలో రీలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నల్లది పెట్టి చూశాడు, నీలంది పెట్టి చూశాడు. మొహం చిట్లించాడు. "ఇంటికాడ ఇంతకన్నా బరువున్నట్టుందే" అన్నాడు. నేను జేబు మీద చెయ్యి అదుముకున్నాను. కాసేపటికి ఆయనే సర్దుకుని, "మూటెందుకు అబద్దమాడతాది? నా సెయ్యే మరిసిపోయుంటాది" అని నీలం రీలు తీసుకున్నాడు.

మర్నాడు నాన్నని బతిమాలి ఒడ్డుకి తీసుకెళ్లాం. ఏడాది తర్వాత నాన్న ఇసకలో అడుగు పెట్టాడు. నలుగురూ చూస్తున్నారు. మొదటి రెండు విసుర్లూ బాగానే పడ్డాయి. తర్వాత కర్ర కొన వాలడం మొదలైంది. నాన్న పళ్లు బిగించి ఎత్తుతున్నాడు, అది వాలిపోతోంది. పదో విసురుకి మణికట్టు వణికి, కర్ర జారి ఇసకలో పడింది. నాన్న దాన్ని తియ్యలేదు. "ఇంకొద్దయ్యా. ఈ సెయ్యి సచ్చిపోయినాది" అని వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు. తాతయ్య కర్ర తీసుకుని, వేలి మీద ఆనించి చూశాడు. కొన కిందికి వాలింది. నీలం రీలు మాత్రం ఎండలో మెరుస్తూనే ఉంది. దాన్ని చూస్తే నాకు అసహ్యమేసింది.

ఆ సాయంత్రం దీపాల వేళ ఎప్పటిలాగే ఇంట్లో ప్రార్థనకి కూర్చున్నాం. తాతయ్య రోజూ పంటల కోసం, పడవల కోసం, జబ్బుపడ్డవాళ్ల కోసం ప్రార్థించేవాడు. ఆ రోజు అవేవీ అడగలేదు. రెండు అరచేతులూ చాపి, "ప్రభువా, నా సేతి తూకం మీద గర్వపడ్డాను. ఆ సేత్తోనే నా కొడుకుని నలుగుర్లో తలొంచుకునేలాగ సేసేను. నా తప్పు సెమించు తండ్రీ" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నా తప్పుకి ఆయన క్షమాపణ అడుగుతుంటే ఆమెన్ ఎలా అనను?

వాటిని దాచిన నా పెన్సిలు డబ్బా తెచ్చి, రెండు గుండ్లూ తీసి తాతయ్య ఒళ్లో పెట్టాను. ఏడుపులో సగం మాటలు మింగేస్తూ జరిగిందంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన ఆ గుండ్లని అరచేతిలో వేసుకుని, ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు.

"నాకు సెప్పినావు. బాగుంది. మీ నాన్నకీ సెప్పు" అన్నాడు.

నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ వీపుకి చెప్పాను. తిడతాడని చూశాను. ఆయన మెల్లగా ఇటు తిరిగి, తన కుడిచేతిని పైకెత్తి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నాడు. "అయితే... నా సెయ్యి కాదేటే?" అన్నాడు. నాన్న కళ్లలో నీళ్లు నేను చూడడం అదే మొదటిసారి. నేను దొంగిలించినవి గుండ్లు కావని నాకప్పుడు అర్థమైంది. ఇద్దరు మగవాళ్లకి తమ చేతుల మీదున్న నమ్మకాన్ని నేను జేబులో వేసుకుని తిరిగాను.

తెల్లవారాక తాతయ్య వల అల్లే దారం నా ముందు పడేసి, "నువ్వు తీసినవి నువ్వే కట్టాల" అన్నాడు. కర్ర మొదట్లో, రీలు కింద, రెండు గుండ్లనీ ఆయన నేర్పిన ముడితో బిగించి కట్టాను. కర్ర నా వేలి మీద నిలిచింది. ఆ రోజు నాన్న ఎండెక్కేదాకా విసిరాడు. దొరికింది బెత్తెడు చేప ఒక్కటే. అయినా మర్నాడు ఎవరూ పిలవకుండానే లేచి ఒడ్డుకి వెళ్లాడు.

తాతయ్య ఇప్పుడు లేడు. నా వయసేం పెద్దది కాదు గాని, మా ఇంట్లో పిల్లలందరికీ ఇప్పుడు నేనే పెద్దదాన్ని. ఒక ఆసుపత్రిలో మందులిచ్చే చోట పనిచేస్తున్నాను. ఆ గుండ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, దారం మాత్రం రెండుమూడుసార్లు మార్చాను. అంత చక్కటి రీలు కింద ఈ సీసం ముక్కలేమిటని ఎవరైనా అడిగితే నాన్న నన్ను పట్టివ్వడు. "అయ్యి మా పాప కట్టిన తూకం" అంటాడు, అంతే. నేను మాత్రం మర్చిపోలేదు. ఎవరైనా నా ముందు కూర్చుని తప్పంతా తమదేనని తమని తాము నిందించుకుంటుంటే, ముందు నా జేబు తడుముకుంటాను.