చెర్రీ గింజల వాసన

ఆ బీరు ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ నాలుకమ్మ. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ పని రుచి చూడటం. పళ్ళు వేసి పులియబెట్టిన పుల్లబీరు ఏదైనా సరే, రుచి గదిలో ఐదుగురు కూర్చుని తాగి చూస్తారు. నలుగురు ఏమన్నా, చివరికి అందరూ ఆవిడ ముఖం వైపే చూస్తారు.

వినడానికి ఇంతకన్నా సుఖమైన ఉద్యోగం లేదనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే కాఫీ ముట్టకూడదు. వాసన సబ్బు రుద్దుకోకూడదు. పచ్చి ఉల్లిపాయ ఊసే ఎత్తకూడదు. పెళ్ళిళ్ళలో అందరూ కారంకారంగా లాగిస్తుంటే ఆవిడ ఒక పక్కన నోరు కట్టుకుని కూర్చునేది. ఆ నాలుకను అంత అపురూపంగా కాపాడుకుంది మరి.

అలాంటి మనిషికి మూడు నెలల కిందట జ్వరం వచ్చింది. ఐదు రోజుల్లో తగ్గింది గానీ, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. సంగతి తెలిసింది ఇంట్లో ఆయన ఒక్కడికే. ఆయన దర్జీ. రోజూ రాత్రి భోజనానికి ముందు భార్య కళ్ళకు గుడ్డ కట్టి, ముక్కు దగ్గర నిమ్మచెక్క, లవంగం, సుద్దముక్క ఒకదాని తర్వాత ఒకటి పెట్టేవాడు. మొదట్లో అన్నీ సుద్దముక్కలే. తర్వాత కొద్దికొద్దిగా తేడాలు తెలిశాయి. కానీ ఒకరోజు తెలిసింది మర్నాడు తెలిసేది కాదు.

సెలవు అయిపోయి పనిలోకి వెళ్ళాక ఆవిడ పక్కవాళ్ళ ముఖాలు చూసి తలూపడం నేర్చుకుంది. సిగ్గుతో చచ్చిపోయేది. బయటికి చెప్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నిద్ర పట్టదు. కక్కలేక మింగలేక రెండు నెలలు గడిచాక ఒక నిర్ణయానికొచ్చింది. మంగళవారం చెర్రీ బీరు పరీక్ష ఉంది. అందులో తేడా పట్టలేకపోతే తనే మేనేజరు దగ్గరికెళ్ళి తప్పుకుంటానని చెప్పేస్తుంది.

ఆ పరీక్ష సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ చెర్రీలను గింజలతో సహా ట్యాంకులో వేసేవారు. గింజల వల్ల బీరుకు ఒక రకమైన బాదం వాసన వస్తుంది. ఈసారి ఖర్చు కలిసొస్తుందని గింజ తీసేసిన గుజ్జు కొన్నారు. పాతదానికీ కొత్తదానికీ తేడా తెలుస్తుందా లేదా అన్నది తేల్చాలి. ఒక్కొక్కరి ముందు మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకటే బీరు, మూడోది వేరు. రంగు కనబడకుండా గదిలో ఎర్ర దీపం. వేరే గ్లాసు ఏదో కాగితం మీద గుర్తు పెట్టాలి. తెలియకపోయినా సరే, ఏదో ఒకదానికి గుర్తు పెట్టి తీరాలి. ఖాళీగా వదలడానికి వీల్లేదు.

నాలుకమ్మ మొదటి గ్లాసు ఎత్తింది. బాదం వాసన. ప్రాణం లేచొచ్చింది. రెండోది ఎత్తింది. బాదమే. మూడోది కూడా బాదమే. లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడింది. మంచినీళ్ళు పుక్కిలించి మళ్ళీ చూసింది, ఇంకోసారి చూసింది. ఎటు చూసినా అదే. ఏదో ఒకదానికి గుర్తు పెట్టేస్తే పోయేది. చెయ్యి రాలేదు. “మూడూ ఒకటే. మూడింట్లోనూ గింజ వాసన ఉంది” అని రాసి కలం పక్కన పడేసింది.

బయటికి రాగానే, ఆ ఐదుగురిలో ఒకడైన సీసాల విభాగం సూపర్‌వైజరు మొదలుపెట్టాడు.

“నాకైతే మధ్యదని ఇట్టే తెలిసిపోయిందండీ! పండు అలా ముందుకు తోసుకొచ్చింది. మీకేదక్కా?”

“నాకేదీ తెలియలేదు” అంటూ ఆవిడ నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

జ్వరం దగ్గర మొదలుపెట్టి తలూపిన రోజుల దాకా ఒక్క గుక్కలో చెప్పేసింది. “నన్ను ఇంకేదైనా పనిలో వేయండి సార్. ఈ కుర్చీలో కూర్చునే అర్హత నాకు లేదు” అంది. “ముందే చెప్పుండాల్సిందమ్మా” అన్నాడు మేనేజరు. ఆవిడ నేల చూస్తూ నిలబడింది.

అప్పుడే ట్యాంకుల దగ్గర పనిచేసే పెద్దాయన రొప్పుకుంటూ వచ్చాడు. చేతులు మోచేతుల దాకా తడి. పిడికిలి విప్పి బల్ల మీద గుప్పెడు చెర్రీ గింజలు పోశాడు.

“ఐదో ట్యాంకు కింది కొళాయికి ఇవి అడ్డం పడ్డాయి సార్.”

“ఐదు కొత్త బీరు కదా? గుజ్జు వేశాం. గింజలెక్కడివి?”

పెద్దాయన నాలుక కరుచుకున్నాడు. “నిన్న కడిగేటప్పుడు ట్యాంకుల నంబర్లున్న రేకు బిళ్ళలన్నీ తీసి ఒక మేకుకు తగిలించాను. తిరిగి పెట్టేటప్పుడు నాలుగుదీ ఐదుదీ తారుమారయ్యాయి. మూడూ నాలుగూ ఒకే పాత బీరు. కొత్తదనుకుని ఐదో నంబరు ట్యాంకు నుంచి పట్టింది కూడా పాతదే, మీకు పరీక్షకు పంపిందంతా అదే సార్. తప్పయిపోయింది.”

మేనేజరు బల్ల మీదికి చేరిన పరీక్ష కాగితాలు తీసి చూశాడు. మిగతా నలుగురూ తలో గ్లాసుకు గుర్తు పెట్టారు. తలుపు దగ్గర నిలబడి వింటున్న సూపర్‌వైజరు ఏదో పని గుర్తొచ్చినవాడిలా జారుకున్నాడు. నాలుకమ్మ ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీలో కూర్చుండిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ పెద్దాయనను తిట్టాలో, కాళ్ళకు దండం పెట్టాలో తెలియలేదు.

“అసలు కొత్త బీరు ఒక గ్లాసు పట్టుకురా” అన్నాడు మేనేజరు.

తెచ్చారు. ఆవిడ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంది. బాదం లేదు. ఒక గుక్క తాగింది. ముందు పులుపు, తర్వాత చక్కెర పాకం లాంటి తీపి, ఆ వెనకాల ఏమీ లేదు. నాలుక మీద ప్రతిదీ దేనికది విడివిడిగా తెలుస్తోంది. పక్కవాళ్ళ ముఖం చూడాల్సిన పనే లేదు.

“ఎలా ఉందమ్మా?”

“అస్సలు బాగాలేదు సార్!” అంది ఆవిడ, ముఖం చింకి చేటంత చేసుకుని. “చప్పగా ఏడ్చింది. దీన్ని మళ్ళీ గింజల మీద నానబెట్టాల్సిందే, కనీసం మూడు వారాలు.”

మేనేజరు తల పట్టుకున్నాడు. మూడు వారాల చాకిరీ తనదే కాబట్టి పెద్దాయన ముఖం వేలాడేశాడు. “వచ్చే నెల ఆసుపత్రికెళ్ళి ఒకసారి చూపించుకుని, అప్పుడు కుర్చీ మాట మాట్లాడమ్మా. ఇక దాచకు” అన్నాడు మేనేజరు. ఆవిడ అన్నిటికీ సరేనంది.

వరండాలోకి వచ్చి దర్జీ దుకాణానికి ఫోన్ చేసింది. అవతల కుట్టుమిషను ఆగింది.

“ఏవండీ! పాడైందండీ, ట్యాంకు మొత్తం పాడైంది! నోట్లో పెట్టుకునేలా లేదు!”

“హమ్మయ్య” అన్నాడాయన.