గొంతులోంచి పడిన గింజ

మైదుకూరులో మాది వేరుశనగకాయల మండీ. రైతు బస్తా దించగానే నాలుగు కాయలు ఒలిచి, గింజను నలిపి వాసన చూడటం మా ఇంట్లో పలక పట్టకముందే నేర్పే విద్య. ఒక్క గింజ ముక్కిన వాసన వేసిందా, బస్తా మొత్తాన్నీ పక్కకు నెట్టేస్తాం. రైతు ఎంత మొత్తుకున్నా వినం.

ఊళ్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. ఒక పొద్దున మొహం కడుక్కుంటూ గట్టిగా దగ్గితే నోట్లోంచి తెల్లటి గింజ ఒకటి పడింది. జొన్నగింజంత ఉంది. అన్నం మెతుకేమోనని పారేసేవాణ్ణే, కానీ చెయ్యి ఊరుకోదు కదా. నలిపి వాసన చూశాను. కుళ్లు కంపు.

మా మామ, అంటే నా భార్య తండ్రి, గొంతు క్యాన్సర్‌తో పోయి అప్పటికి రెండేళ్లు. చివరి రోజుల్లో ఆయన పక్కన కూర్చుంటే ఇదే కంపు. ఒక్క గింజే ఇట్లా ఉంటే లోపల గొంతంతా ఎట్లా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా? టార్చి వేసి అద్దంలో చూస్తే కొండనాలుక పక్కన ఎర్రటి గడ్డ, దాని మీద మరో తెల్ల చుక్క. అగ్గిపుల్లతో పొడిచాను. నెత్తురొచ్చింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

నాలుగు నెలలు భయంతో చచ్చాను. తెల్ల చుక్క కనబడినప్పుడల్లా మళ్లీ పుల్ల పెట్టేవాణ్ణి. డాక్టరు దగ్గరికి పోతే ఆ జబ్బు పేరు చెప్పేస్తాడని పోలేదు. ఇంట్లో మొహం తిప్పుకుని మాట్లాడేవాణ్ణి. మూడేళ్ల పాప ముద్దు పెట్టబోతే కసురుకున్నాను. అది ఏడిస్తే దొడ్లోకి పోయి నేనూ ఏడ్చాను. ఇంత జరుగుతున్నా నా భార్య ఏమీ అడగలేదు. అడగనందుకు ఆమె మీద ఒళ్లు మండేది.

మింగితే చెవిలోకి పోటు రావడం మొదలయ్యాక, ఎవరికీ చెప్పకుండా కడపలో గొంతు డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నోట్లోకి లైటు వేసి చూశాడు.

"ఏమప్పా, పుల్ల పెట్టి పొడుచుకున్నావా? పుండు పడుండాది."

రెండు గింజలు తీసి దూది మీద పెట్టాడు. "టాన్సిల్స్‌లో గుంతలుంటాయి. తిన్నది, క్రిములు ఆడ చేరి ఇట్ల రాళ్లయితాయి. శానామందికి వస్తాయి. క్యాన్సర్ కాదు. తిన్నాక ఉప్పునీళ్లు పుక్కిలించు. పుల్లలు మాత్రం పెట్టాకు. పుండు మానిందో లేదో పదిరోజులకు వచ్చి చూపించు."

"మరి ఆ కంపు, సార్?"

"కుళ్లినది కంపు కొట్టక అత్తరు వాసన వస్తాదా?"

గింజను బట్టి బస్తాను తేల్చే నా విద్య గొంతు దగ్గర పనికిరాలేదు. ఇంటికొచ్చి నా భార్యకు మొదటినుంచీ అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె గడప మీద కూలబడి, "క్యాన్సర్ కాదా? డాక్టరే చెప్పినాడా?" అని మూడుసార్లు అడిగింది.

"మీ పక్కన పండుకునేదాన్ని, నాకు తెలీదా? మా నాయన నోరే గుర్తుకొచ్చింది. అడిగితే అవునంటారేమోనని అడగలేదు."

నాలుగు నెలలుగా ఆమె లోలోపల నన్ను పోగొట్టుకుంటూనే, రోజూ పొద్దున్నే లేచి నాకు వంట చేసి పెట్టింది. నేనేమో, అడగలేదని కోపం పెట్టుకున్నాను.